భరత్‌పూర్ ఘనా: వేట కోసం నింపిన నీళ్లు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల వనంలో కేవలాదేవ్ గుడి ఉంది. చిన్న శివాలయం. దాని దగ్గర్లో ఇసుకరాతి పలకల మీద వరుసగా కొన్ని లెక్కలు చెక్కి ఉంటాయి. తేదీ, వచ్చిన అతిథి, పేలిన తుపాకులు, కూలిన పిట్టలు. మొదట్లోనే 1902 కనిపిస్తుంది. ఆ ఏడాది వైస్రాయ్ కర్జన్ వచ్చాడు, 540 పిట్టలు పడ్డాయి. 1914లో హార్డింజ్ వచ్చినప్పుడు 4,062. 1916లో చెమ్స్‌ఫర్డ్ వచ్చినప్పుడు 4,206. అలా చూపు కిందికి దిగుతూ 1938 నవంబర్ 12 దగ్గర ఆగిపోతుంది. ఆ రోజు అతిథి వైస్రాయ్ లిన్‌లిత్‌గో. తుపాకులు 39. పిట్టలు 4,273. ఒక్కో తుపాకీకి సగటున 110. ఉదయం మొదలై సాయంత్రానికి ముగిసిన పని అది.

ఆ పలకలు నిలిచిన చోటు నేడు ప్రపంచ వారసత్వ స్థలం. సుమారు 370 రకాల పిట్టలు నమోదైన జాతీయ వనం. రాళ్ల ముందు నిలబడి అంకెలు చదువుతుంటే పక్కనున్న మడుగులోంచి బాతుల అరుపులు వినిపిస్తూనే ఉంటాయి. సరిగ్గా ఆ జాతుల బాతులే, అదే ఉత్తరం నుంచి, అదే చలికాలంలో వచ్చి వాలినవి. ఒక్క రోజులో నాలుగు వేలకు పైగా చంపినా మళ్లీ వచ్చే పిట్ట ఉంది. ఇక్కడ దాదాపు ఎవరూ తుపాకీ గురిపెట్టకపోయినా ఇక తిరిగి రాని పిట్ట కూడా ఉంది. ఈ రెండు సంగతులూ ఒకే చెరువులో జరిగాయి. వలస పక్షుల వేట ఎంతవరకు చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి పాఠశాల మన దేశంలో మరొకటి లేదని నాకనిపిస్తుంది.

ఈ నేల సహజంగా ఒక పల్లం. గంభీర్, బాణగంగ నదులు కలిసే ప్రాంతం కావడంతో వానాకాలం వరద ఇటే మళ్లేది. పద్దెనిమిదో శతాబ్దంలో భరత్‌పూర్‌ను ఏలిన జాట్ రాజు సూరజ్‌మల్ ఊరిని వరద నుంచి కాపాడటానికి అజాన్ కట్ట వేయించాడు. కట్ట వెనక నిలిచిన నీరు పల్లంలోకి జారి, తుమ్మలూ కదంబాలూ దట్టంగా పెరిగిన అడవితో కలిసిపోయింది. ఆ దట్టమైన అడవినే స్థానికులు ‘ఘనా’ అంటారు. ఇప్పటికీ రిక్షా వాళ్ల నోట వినిపించేది ఆ మాటే. కేవలాదేవ్ జాతీయ వనం అన్నది కాగితం మీది పేరు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సంస్థానం ఈ పల్లాన్ని బాతుల వేట కోసమే తీర్చిదిద్దడం మొదలుపెట్టింది. మట్టికట్టలు వేసి పల్లాన్ని మడులుగా విడగొట్టారు. కట్ట కట్టకూ తూములు పెట్టారు. అజాన్ కట్ట నుంచి కాలువ తెచ్చారు. ఏ మడిలో నీళ్లు ఎంత లోతు ఉండాలో తూము తలుపు తిప్పి నిర్ణయించే ఏర్పాటు అది. నీళ్లు మోకాలి లోతు ఉంటే మునగకుండా, తల మాత్రం ముంచి మేసే బాతులు దిగుతాయి. లోతు పెరిగితే మునిగి మేసే రకాలు చేరతాయి. ఇంకా పలచనైతే బురదలో ముక్కు గుచ్చే ఉల్లంకులు వస్తాయి. కట్టల మీద బండి నడిచేంత బాటలు వేశారు, దొరలు గురి చూసే చోటి దాకా కాలికి బురద అంటకుండా వెళ్లేందుకు. నేడు మనం సైకిల్ తొక్కే బాటలు అవే. మనం బైనాక్యులర్స్ పెట్టుకుని నిలబడే చోట్లలో చాలావాటిని ఎంచింది వేటగాళ్లే. పిట్ట ఎటు నుంచి లేస్తుందో, ఎటు తిరుగుతుందో, గాలి ఎటు తోస్తుందో వాళ్లకు బాగా తెలుసు.

వేట పద్ధతి సూటిగా ఉండేది. మడులలో చోటు చోటా తుపాకులు పట్టుకుని అతిథులు నిలబడేవాళ్లు. మొదటి తూటా పేలగానే నీటి మీది బాతులన్నీ ఒక్కసారి లేచేవి. ఒక మడిలోంచి లేచిన గుంపు ఇంకో మడి మీదికి పోతుంది, అక్కడా తూటాలే. మళ్లీ వెనక్కి. ఆకాశంలో తిరిగి తిరిగి అలసి కిందికి దిగే కొద్దీ గురి తేలికవుతుంది. పడిన పిట్టలను ఏరడానికి మనుషులు నీళ్లలోకి దిగేవాళ్లు. 1938 నాటి అంకెను గొప్పగా రాతి మీద చెక్కించుకున్నవాళ్లకు ఆ పని మీద సిగ్గు లేదు. ఆ కాలం మర్యాద అలాంటిది. నేను మాత్రం ఆ అంకెను వేట అని ఒప్పుకోలేను. ఇంటిల్లిపాది తినడానికి నాలుగు పరజలను పట్టిన వాడు వేటగాడు. 110 పిట్టలను ఒక పూట కాల్చిన వాడికి ఆకలి ఎంతో తెలియదు.

అయితే ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. ఆ వేట లేకపోతే ఈ నీళ్లు ఉండేవి కావు. సంస్థానాలు భారత్‌లో కలిశాక, ఈ పల్లాన్ని ఎండగట్టి పొలాలు చేయమన్న కోరిక గట్టిగా వచ్చింది. భూమి లేని రైతులు అడిగారు, అందులో తప్పు లేదు. అప్పుడు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ప్రధాని నెహ్రూ దాకా వెళ్లి పల్లాన్ని కాపాడమని కోరాడు. నెహ్రూ మాట సాయం దొరికింది. 1956లో ఇది పక్షుల అభయారణ్యమైంది. అయినా వేట హక్కు మాత్రం మాజీ మహారాజు దగ్గరే 1972 దాకా మిగిలింది. అంటే పదహారేళ్లు ఒకే నేల మీద అభయమూ తుపాకీ రెండూ ఉన్నాయి. 1964లో సైన్యాధిపతి జనరల్ చౌధురి వచ్చినప్పుడు కూడా వందల పిట్టలు పడ్డాయని ఆ పలకలే చెబుతాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కూడా మొదట్లో కొన్ని జంతువులను లైసెన్సు మీద వేటాడనిచ్చింది. ఆ లైసెన్సుల తలుపు పూర్తిగా మూసింది 1991 సవరణ.

చలికాలం ఉదయం మంచు తెర తొలగకముందే వనంలోకి అడుగు పెట్టడం మంచిది. ద్వారం నుంచి గుడి దాకా నాలుగైదు కిలోమీటర్ల తిన్నని బాట, ఇరువైపులా నీళ్లు. మొత్తం వనం 29 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ, అంటే ఏడు వేల ఎకరాలు. అందులో మూడో వంతు దాకా నీటి నేల, మిగతాది పచ్చిక, ముళ్ల చెట్ల అడవి. మంచు పలచబడే కొద్దీ ముందు చప్పుడు, తర్వాత ఆకారం తేలతాయి. సూదితోక బాతులు తల నీట ముంచి తోక నిటారుగా నిలుపుతాయి. చెంచామూతి బాతులు గుంపుగా ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతూ నీటిని ముక్కుతో వడకడతాయి. తిరగడం వల్ల అడుగు నుంచి పైకి లేచిన సన్న పురుగులే వాటి ఆహారం. ప్రబంధ కవులు విరహానికి గుర్తుగా పట్టుకున్న జక్కవ జంటలు ఇక్కడ గట్టు మీద కూర్చుని, దగ్గరికి పోతే గట్టిగా అరుస్తాయి. హిమాలయాలను దాటి వచ్చే చారల తల బాతులు కూడా ఇక్కడికి వస్తాయి. ఎగిరే క్రమంలో అవి ఏడు వేల మీటర్ల ఎత్తు దాటిన సందర్భాలు పరికరాల్లో నమోదయ్యాయి.

ఈ పిట్టలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కచ్చితంగా తెలిసింది కూడా ఇలాంటి చోట్లనే. 1960 దశకంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో పక్షుల కాళ్లకు ఉంగరాలు వేసే పెద్ద పని చేపట్టింది. వలస పక్షుల ఒంటి మీది పేలు, గోమార్లు రోగాలను దేశదేశాలకు మోస్తున్నాయా అన్నది ఆరోగ్య సంస్థ సందేహం. సలీం అలీకి కావలసింది పిట్టల దారి. పిట్టను చంపకుండా పట్టడం ఎవరికి వచ్చు? బీహార్ మీర్‌షికార్లకు. తరాలుగా వలలు, ఉచ్చులు, జిగురు పుల్లలతో పిట్టలు పట్టి అమ్మి బతికిన వాళ్లు వాళ్లు. భరత్‌పూర్ మడుల్లో వాళ్ల చేతులు పట్టిన వేల పిట్టలకు సన్న లోహపు ఉంగరాలు పడ్డాయి. ఆ ఉంగరాల్లో కొన్ని కజకిస్తాన్ నుంచి, సైబీరియా నుంచి తిరిగి వచ్చాయి. పంపింది ఎక్కువగా అక్కడి వేటగాళ్లు. బాతును కాల్చి, కాలికి ఉన్న ఉంగరం చూసి, దాని మీది చిరునామాకు కబురు చేసినవాళ్లు. ఒక చివర పట్టేవాడి నేర్పు, ఇంకో చివర కాల్చేవాడి ఉత్తరం. వలస దారుల గురించి మనకున్న తొలి జ్ఞానంలో చాలా భాగం ఈ రెండింటి మధ్యనే పుట్టింది.

గుడ్ల లెక్క

ఇక రాని పిట్ట సంగతి. తెల్లటి ఒళ్లు, ఎర్రటి ముఖం, ఎగిరినప్పుడు మాత్రమే కనిపించే నల్లని రెక్క కొసలు, నిలబడితే పదేళ్ల పిల్లవాడి ఎత్తు. సైబీరియన్ క్రేన్. మన దగ్గర వేసవికి ముందు ఊరి చెట్ల మీద వాలే ప్రతి కొంగనూ సైబీరియా నుంచి వచ్చిందనే అంటారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు నిజానికి మన దేశపు పిట్టలే. అసలు సైబీరియన్ క్రేన్ భారతదేశంలో చలికాలం గడపడానికి మిగిలిన ఆఖరి చోటు ఈ భరత్‌పూర్ మడులు. ఓబ్ నదీ పరీవాహకంలోని చిత్తడిలో గుడ్లు పెట్టి, కజకిస్తాన్ మీదుగా, అఫ్ఘానిస్తాన్‌లోని అబ్-ఇ-ఇస్తాదా ఉప్పు సరస్సు మీదుగా, పాకిస్తాన్ లోయలు దాటి, ఐదు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి ఇక్కడికి చేరేవి. ఇక్కడ వాటి తిండి తుంగ గడ్డలు. పొడవైన ముక్కుతో బురద తవ్వి, గడ్డను నీళ్లలో కడిగి మింగేవి. 1960ల నడిమి దాకా 200 వచ్చేవి. తర్వాత ఏటికేడాది తగ్గుతూ పోయాయి. 1990ల్లో పెంపకంలో పుట్టిన పిల్లలను తెచ్చి ఇక్కడి అడవి పిట్టలతో కలపాలని చూశారు, కుదరలేదు. 2001-02 చలికాలంలో ఒక్క జంట వచ్చింది. ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

భరత్‌పూర్ పలకల మీది వేలల్లో క్రేన్లు ఎక్కడా ముఖ్యం కావు. ఇక్కడి వేట బాతుల మీద. మరి బాతు నిలిచి, క్రేన్ ఎందుకు పోయింది? గుడ్ల లెక్క చూస్తే అర్థమవుతుంది. ఒక పరజ ఏడాది తిరక్కుండానే గుడ్లకు వస్తుంది. ఒక్కో విడతకు ఎనిమిదో తొమ్మిదో గుడ్లు. వాటిలో చాలా పిల్లలు నక్కకో, గద్దకో, చలికో పోతాయి. ఏ వేటగాడూ లేకపోయినా పోతాయి. అందుకే కొంతవరకు వేట, చలికి ఎలాగూ చచ్చిపోయే వాటి స్థానంలో పడుతుంది. తల్లుల సంఖ్యా, గూడు కట్టే తావులూ తగ్గనంత కాలం గుంపు కోలుకుంటుంది. సైబీరియన్ క్రేన్ అలా కాదు. ఐదారేళ్లు దాటితే గానీ గుడ్లు పెట్టదు. పెడితే రెండే. ఆ రెండిట్లో సాధారణంగా ఒక్కటే రెక్కలు తొడుగుతుంది. అది కూడా అన్ని ఏళ్లూ కాదు. మొదటి వలసను పిల్ల తల్లిదండ్రుల వెంట ఎగిరి నేర్చుకుంటుంది. పెద్ద పిట్ట ఒకటి పోతే ఒక దారే పోయినట్టు. అలాంటి గుంపులో ఏటా మూడో నాలుగో తగ్గితే చాలు, కొన్ని దశాబ్దాల్లో ఏమీ మిగలదు.

ఆ మూడో నాలుగో ఎక్కడ తగ్గాయి? దారి పొడుగునా. వాయవ్య పాకిస్తాన్‌లోని కుర్రం, లక్కీ మర్వత్ ప్రాంతాల్లో క్రేన్లను పట్టడం పాత విద్య. రాత్రిపూట నదీ తీరంలో మచ్చిక చేసిన క్రేన్లను కట్టి అరిపిస్తారు. పైన పోతున్న గుంపు ఆ పిలుపు విని కిందికి వంగుతుంది. అప్పుడు కొసన సీసపు గుండు కట్టిన పొడవాటి తాడును చీకట్లోకి విసురుతారు. దాని పేరు సోయా. తాడు రెక్కలకూ మెడకూ చుట్టుకుని పిట్ట కింద పడుతుంది. ప్రాణంతో దొరికితే పెంచుతారు, ఇంటి ముందు క్రేన్ ఉండటం పరువు. వాళ్లకు కావలసింది ఎక్కువగా దొరికే ఇతర క్రేన్ జాతులే. కానీ చీకట్లో తాడుకు జాతి తెలియదు. దానికి తోడు అఫ్ఘానిస్తాన్‌లో దశాబ్దాల యుద్ధం, చేతి చేతికీ తుపాకీ, ఎండిపోయిన సరస్సులు. ఏ ఒక్క ఊరివాళ్లనూ ఇది మీరు చేసిందే అనలేం. ప్రతి ఊరూ తన వాటాగా ఒకటో రెండో తీసుకుంది. మొత్తం ఎన్ని ఉన్నాయో, మిగతా ఊళ్లు ఎన్ని తీశాయో ఎవరికీ తెలియదు. అదే అసలు చిక్కు. వలస పిట్టను వేటాడే వాడి ముందు ఎప్పుడూ కొద్ది పేజీలే ఉంటాయి, ఖాతా పుస్తకం మొత్తం ఏ ఒక్కరి దగ్గరా ఉండదు.

ఆ క్రేన్ల మరో గుంపు చలికాలానికి ఇరాన్‌లో కాస్పియన్ తీరాన ఫెరేదూన్‌కెనార్‌కు వెళ్లేది. ఆ ఊరి కథ నన్ను చాలా ఆలోచింపజేసింది. అక్కడి వరి రైతులు కోతలయ్యాక పొలాలకు నీళ్లు పెట్టి, చుట్టూ చెట్లూ రెల్లూ పెంచి బాతులను వలలతో పడతారు. ఆ మడులను దామ్‌గాహ్‌లంటారు. మచ్చిక బాతులను వదిలి, అడవి బాతులను ఆకర్షించి, ఇరుకు కాలువలోకి రప్పించి వల లాగుతారు. ఈ పనికి నిశ్శబ్దం కావాలి. ఒక్క తూటా పేలితే బాతులన్నీ లేచిపోతాయి. అందుకని దామ్‌గాహ్ యజమానులు ఆ చుట్టుపక్కల తుపాకీని రానివ్వలేదు. ఆ నిశ్శబ్దం చాటునే సైబీరియన్ క్రేన్లు చాలా కాలం బతికాయి. బాతులు పట్టేవాళ్లే తెలియకుండా క్రేన్లకు కావలి కాశారు. అదే ప్రాంతంలో అమ్మకానికి లెక్కకు మించి పిట్టలను పడుతున్నారన్న విమర్శలూ ఉన్నాయి, వాటిని కాదనలేం. చివరికి అక్కడా ఒమిద్ అని పేరు పెట్టిన ఒకే ఒక మగపిట్ట ఏళ్ల తరబడి ఒంటరిగా వస్తూ పోతూ ఉంది. తూర్పు గుంపు మాత్రం ఇంకా వేలల్లో ఉంది. అది చైనాలోని పోయాంగ్ సరస్సులో చలికాలం గడుపుతుంది.

చిత్తడి నేలల రక్షణకు ప్రపంచ దేశాలు 1971 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్న రామ్‌సర్ పట్టణం కూడా ఇరాన్‌లో ఆ తీరాన్నే, అదే మాజందరాన్ రాష్ట్రంలో ఉంది. దాన్ని ముందుండి నడిపించిన ఎస్కందర్ ఫిరూజ్ ఇరాన్ వేట, చేపల శాఖకు అధిపతి. నీటి పిట్టలు తగ్గుతున్నాయన్న కంగారు మొదట పడ్డవాళ్లలో బాతుల వేటగాళ్లు ఎందరో ఉన్నారు. భరత్‌పూర్ మడులు 1981లో ఆ రామ్‌సర్ జాబితాలో చేరాయి.

వేటను పూర్తిగా ఆపకుండా లెక్కలో పెట్టిన దేశాలూ ఉన్నాయి. అమెరికా, కెనడా తరఫున బ్రిటన్ 1916లో వలస పక్షుల ఒప్పందం రాసుకున్నాయి. అమెరికాలో 1918లో చట్టమైంది. 1934 నుంచి బాతులు కొట్టాలంటే వేటగాడు ఒక స్టాంపు కొనాలి. మొదట దాని ధర ఒక డాలరు. ఆ డబ్బుతో ప్రభుత్వం చిత్తడి నేలలు కొంటుంది. 1955 నుంచి ఏటా వేసవికి ముందు విమానాల్లో తిరిగి బాతులనూ, అవి గూడు కట్టే కుంటలనూ లెక్కిస్తారు. ఆ లెక్కను బట్టి ఆ ఏడాది ఎన్ని రోజులు, ఒక్కొక్కరికి ఎన్ని బాతులు అన్నది తేలుస్తారు. వాన తక్కువైన ఏడు ఆ సంఖ్యల్లో కోత ఎక్కువ. దీంట్లో కూడా ఒక తప్పు చాలా ఆలస్యంగా బయటపడింది. తూటాల్లోని సీసపు గుళ్లు నీటి అడుగున పడి ఉంటే, అరుగుదలకు ఇసుక రాళ్లు మింగే బాతులు వాటినీ మింగి విషమెక్కి చచ్చేవి. తూటా తగలని పిట్ట కూడా తూటాతోనే చచ్చిందన్నమాట. నీటి పిట్టల వేటలో సీసాన్ని అమెరికా 1991లో నిషేధించింది. ఐరోపా యూనియన్‌లో చిత్తడి నేలల మీద ఆ నిషేధం 2023లో అమల్లోకి వచ్చింది.

మన దేశంలో ఆ మార్గం నడవదని నా నమ్మకం. లెక్కించే విమానాలు లేవని కాదు. మన చెరువుల చుట్టూ ఉన్న జనం ఎక్కువ, చెరువులు తక్కువ. పైగా ఇక్కడ పిట్టలను కొట్టింది రాజులే కాదు. నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం వల్ల పొలాలు మునిగిన పాంగ్తీ ఊరివాళ్లు చేపల వలలను చెట్ల మధ్య కట్టి అముర్ డేగలను పట్టి అమ్మారు. 2012లో ఒక్క సీజన్‌లో లక్షకు పైగా పిట్టలు పోయాయని అంచనా. ఆ వార్త బయటికి రాగానే ఊరి పెద్దలే పూనుకుని నిషేధం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది వలలు ఆగాయి. ఆ ఏడాదే మూడు డేగలకు ట్రాన్స్‌మిటర్లు కట్టి వదిలారు. అవి బంగాళాఖాతం అంచున మన తెలుగు నేల మీదుగా, ద్వీపకల్పం దాటి, అరేబియా సముద్రం మీద నిలవకుండా ఎగిరి ఆఫ్రికా చేరాయి. మనం చూడకుండా మన తలల మీద నుంచి పోతున్న పిట్టను కాపాడింది ఎక్కడో ఒక కొండ ఊరి పెద్దలు.

నీళ్ల లెక్క

తుపాకీ ఆగిపోయాక భరత్‌పూర్‌కు వచ్చిన కష్టాలు వేరే రకానివి. చుట్టూ రెండు మీటర్ల గోడ లేచింది, 1982లో జాతీయ వనంగా ప్రకటించాక లోపల పశువుల మేత ఆగింది. తరాలుగా గేదెలను ఈ పల్లంలోకి తోలిన ఊళ్లు తిరగబడ్డాయి. ఆ నవంబరులో పోలీసు కాల్పుల్లో గ్రామస్థులు కొందరు చనిపోయారు. పిట్టల కోసం మనుషులను చంపిన నేల ఇది, ఆ మాట దాచకూడదు. తర్వాత జరిగినది ఇంకా ఆలోచించాల్సిన సంగతి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వి.ఎస్. విజయన్ బృందం పదేళ్లు ఇక్కడే ఉండి పరిశీలించింది. గేదెలు లేకపోవడంతో నీటి గడ్డి మడులన్నిట్లో అల్లుకుపోయిందనీ, బాతులకు ఈదే తెరపి నీళ్లూ, గడ్డలు తవ్వుకునే బురదా తగ్గాయనీ తేల్చింది. గేదె మేసి, తొక్కి, కదిపిన నీళ్లలోనే పిట్టకు తిండి ఉండేది. కాపలా కోసం ఇచ్చిన ఆజ్ఞ కాపాడాల్సిన పిట్టకే అడ్డం పడింది. ఊరివాళ్లు మొదటి నుంచీ ఆ మాట చెబుతూనే ఉన్నారు.

ఆపైన నీరే కరువైంది. వనం నిండాలంటే ఏటా 55 కోట్ల ఘనపుటడుగుల నీళ్లు కావాలి. గంభీర్ నది మీద ఎగువన కరౌలీ జిల్లాలో పాంచనా ఆనకట్ట వచ్చాక ఆ వరద రావడం తగ్గింది. 2004లో ఆనకట్ట కింది రైతులు నీళ్లు వదలనివ్వలేదు. కొంగలు గూళ్లు కట్టక వెళ్లిపోయాయి. పల్లంలో సర్కారు తుమ్మ ముళ్లకంచెలా అల్లుకుంది. తర్వాత గోవర్ధన్ మురుగు కాలువ నుంచి 35 కోట్ల ఘనపుటడుగులు తెచ్చేందుకు పైపులు వేశారు. చంబల్ నుంచి తెచ్చే మంచినీటి పథకంలోంచి మరో ఆరు కోట్లకు పైగా కేటాయించారు. సర్కారు తుమ్మను పెరికే పని చుట్టుపక్కల ఊళ్ల కమిటీలకే అప్పగించి, పెరికిన కట్టె వాళ్లనే తీసుకోనిచ్చారు. వేరుతో సహా తవ్వితేనే కట్టె వాళ్లది అన్నది షరతు. ఆ ఏర్పాటు చాలా చోట్ల పనిచేసింది.

పాత రోజుల్లో వరద నీళ్లతో పాటు లక్షల చేపపిల్లలు తూముల్లోంచి లోపలికి వచ్చేవి. కొంగలకు, నీటికాకులకు, పాముమెడ పిట్టలకు అవే పండుగ. పైపు నీళ్లలో ఆ చేపలు అలా రావు. మడి నిండటం వేరు, మడి బతకడం వేరు. వనంలోని కాపలాదారులూ రిక్షా వాళ్లూ ఇప్పుడు మాట్లాడుకునేది తుపాకుల గురించి కాదు, ఈ ఏడు నీళ్లు ఎప్పుడు వదులుతారన్న దాని గురించి.

ఈ కథ మన కొల్లేరుకు దూరం కాదు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ జాబితా. ఆ రెండిటి మధ్యలో, తర్వాతా చేపల చెరువుల గట్లు సరస్సును కోసుకుంటూ పోయాయి. 2006లో గట్లు కొట్టేయాల్సి వచ్చింది. భరత్‌పూర్ పక్షుల వనానికి మొదట వేటగాళ్లు గట్లు వేశారు, పిట్టలు దిగాయి. కొల్లేట్లో చేపల కోసం గట్లు వేశాం, పిట్టల తావు తగ్గింది. గట్టు ఒకటే, అది ఎంత లోతు నీటిని ఎవరి కోసం ఆపుతుందన్నది తేడా. మధ్య ఆసియా వలస దారిలో 30 దేశాలున్నాయి. ఆ దారిలో వచ్చే నీటి పిట్టల్లో కొన్ని భరత్‌పూర్‌లో ఆగుతాయి, కొన్ని ఇంకా కిందికి దిగి కొల్లేరుకూ పులికాట్‌కూ వస్తాయి. ఓబ్ నది దగ్గర గూడు చెడినా, గంభీర్ మీద ఆనకట్ట లేచినా, కైకలూరు దగ్గర గట్టు పడినా తగ్గేది ఒకే గుంపు.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి తేలికే. హైదరాబాద్, విజయవాడల నుంచి దిల్లీ వైపు వెళ్లే రైళ్లలో ఆగ్రా లేదా మథురలో దిగితే చాలు. ఆగ్రా నుంచి భరత్‌పూర్ 55 కిలోమీటర్లు, బస్సులు దండిగా ఉన్నాయి. దారిలో ఫతేపూర్ సిక్రీ చూసుకోవచ్చు, అక్కడి నుంచి భరత్‌పూర్ ఇరవై కిలోమీటర్లే. వనం ద్వారం ఊరికి ఆనుకునే ఉంటుంది. లోపల అద్దె సైకిళ్లు, రిక్షాలు దొరుకుతాయి. సొంత బండిని లోపలి బాటల మీదికి రానివ్వరు. రిక్షా తొక్కేవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి పిట్టలను చూసి చూసి పేర్లూ అలవాట్లూ నేర్చిన గైడ్లు. వాళ్లతో మాట్లాడుతూ మెల్లగా పోవడం మేలు. ద్వారం దగ్గర్లో సలీం అలీ పేరిట ఒక పరిచయ కేంద్రం ఉంది, ముందు అది చూస్తే మడుల పటం అర్థమవుతుంది. ఉత్తరం నుంచి వచ్చే బాతులను చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కొంగల గూళ్లు, పిల్లలు చూడాలంటే ఆగస్టు చివర, సెప్టెంబరు. చలి గట్టిగా ఉంటుంది, డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచు వల్ల ఎనిమిది దాటే దాకా దూరం కనిపించకపోవచ్చు. మందపాటి స్వెటరు, బైనాక్యులర్స్, తాగే నీళ్లు వెంట ఉండాలి. గుడి దగ్గరి పలకల అంకెలు చదవాలంటే పొద్దు బాగా ఎక్కాక, రాతి మీద ఏటవాలుగా వెలుతురు పడే వేళ చూసుకోండి. అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి.